పంట ఎవరిది, పేరు ఎవరిది: ఇన్‌పుట్ సబ్సిడీ జాబితాతో నా అనుభవం

మాది బాపట్ల జిల్లాలో కాలవ కింద ఊరు. సొంతం రెండెకరాలు, కౌలుకు మూడెకరాలు చేస్తాం. పొలం పని నాన్న చూసుకుంటాడు. రైతు భరోసా కేంద్రం, బ్యాంకు, మండలాఫీసు చుట్టూ తిరిగే పని నాది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను మా కోతల మీద పడ్డప్పటినుంచి, పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ ఎలా లెక్కగడతారో, ఆ జాబితా ఎవరికి చూపిస్తారో దగ్గరుండి చూశాను. డబ్బు మాకు వచ్చింది. మా గట్టు పక్కన చేసేవాళ్లకు రాలేదు. ఆ తేడా ఎక్కడ పుట్టిందని వెతుక్కుంటూ పోయిన ప్రతిసారీ ఒక్క చోటికే వచ్చాను: జాబితాలో ఏమేం రాశారు, దాన్ని ఎంతమంది చదవగలిగారు అన్న దగ్గరికి.

ఇది తుఫానొచ్చాక మొదలయ్యే పని కాదు. నాట్లు పడ్డ నెలలోనే మొదలవుతుంది. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో ఈ-పంట అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పంట నమోదులో ఎక్కించాలి. అగ్రికల్చర్ అసిస్టెంట్ పొలానికొచ్చి ఫొటో తీసుకుంటుంది, వీఆర్వో సరిచూస్తాడు, రైతు వెళ్లి వేలిముద్ర వేయాలి. తర్వాత చేతికి రసీదు ఇస్తారు. పంట బీమా, ధాన్యం కొనుగోలు, తుఫాను పరిహారం, అన్నీ ఆ ఎక్కింపు మీదే నడుస్తాయి. అందులో పేరు లేని రైతు పంట వేసినట్టు ప్రభుత్వానికి తెలియదు.

ఆ ఏడాది ఈ-పంట ముసాయిదా జాబితాను సామాజిక తనిఖీ కోసం మా రైతు భరోసా కేంద్రంలో గోడకు అంటించారు. రైతు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సొంత సాగా కౌలా, ఇన్ని గడులున్నాయి. నేను ముందు మా సొంత పొలం చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. కౌలు పొలం సర్వే నంబరు దగ్గరికొచ్చేసరికి ఆసామి, అంటే భూమి యజమాని పేరుంది, పక్కన ‘సొంతం’ అని ఉంది. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. మా ఊరి పొలంలో ఆయన అడుగుపెట్టి చాలా ఏళ్లయింది.

అసిస్టెంట్‌ను అడిగితే ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. ‘అక్కా, వెబ్‌ల్యాండ్‌లో ఎవరి పేరుంటే ముందు అదే వస్తుంది. కౌలని మార్చాలంటే నాకు కార్డు కావాలి.’ వెబ్‌ల్యాండ్ అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డు. కార్డంటే పంట సాగుదారు హక్కుల కార్డు, అందరూ సీసీఆర్‌సీ అంటారు. 2019లో తెచ్చిన చట్టం కింద ఇస్తారు, పదకొండు నెలలు చెల్లుతుంది, ఏటా మళ్లీ తీసుకోవాలి, భూమి యజమాని సంతకం పెట్టాలి. మాకు ఆ ఏడాది కార్డుంది. అది దొరకడం కూడా తేలిగ్గా కాలేదు. ఆసామికి ఫోన్ చేస్తే, ‘సంతకం పెడితే రేపు భూమి మీద హక్కుందంటారని మా అబ్బాయి భయపడుతున్నాడమ్మా’ అన్నారు. ‘బాబాయ్ గారూ, ఆ కార్డు పంట మీదే, భూమి మీద హక్కేమీ రాదని చట్టంలోనే రాశారు, చదివి వినిపిస్తాను’ అని ఫోన్లోనే చదివాను. సంక్రాంతికి ఊరొచ్చే మనిషి కాబట్టి, మా తాత కాలం నుంచి మా కుటుంబం ఆ పొలం చేస్తోంది కాబట్టి ఒప్పుకున్నారు. అందరు ఆసాములూ ఒప్పుకోరు. మా ఊళ్లో కౌలు చేసేవాళ్లలో కార్డు లేనివాళ్లే ఎక్కువ.

కార్డు జిరాక్సు ఇచ్చాను, ఆ మూడెకరాలు నాన్న పేరు మీదికి వచ్చాయి. జాబితాలో సర్వే నంబరు గడి లేకపోతే ఆ తప్పు నా కంటపడేది కాదు. ఆసామి పేరు, నాన్న పేరు రెండూ జాబితాలో ఉన్నాయి కదా, అంతా బాగుందనుకుని ఇంటికొచ్చేదాన్ని.

డిసెంబరు 5న తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి మా వరి కొంత కోసి పనల మీదుంది, కొంత కోతకు సిద్ధంగా నిలబడి ఉంది. వేసింది బీపీటీ 5204. బాపట్లలో పుట్టిన రకమే, మా దగ్గర ఇళ్లలో తినేదీ అదే. నిలబడ్డ చేను మొత్తం పడిపోయి నీళ్లలో పరుచుకుంది. పనలు నానిపోయి, నీళ్లు తీసే దారి లేక, గింజ కంకి మీదే మొలకెత్తింది. నాన్న పనలు తిరగేసి మొలకలు చూసి ఏమీ మాట్లాడకుండా గట్టెక్కాడు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

నష్టం లెక్కకు బృందాలొచ్చాయి. నిబంధన ప్రకారం పంట 33 శాతం, అంతకుమించి పోతేనే లెక్కలోకి వస్తుంది. కేంద్రం విపత్తు సహాయ నిబంధనల్లో సాగునీటి కింద పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు చూసుకుంటే ఏడు వేలలోపే. ఎకరా వరికి పెట్టుబడి ఎంతవుతుందో పెట్టేవాళ్లకు తెలుసు. అందులో కౌలు కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. అందుకే ఆ ఏడు వేలు పెట్టుబడి పెట్టిన చేతికే పోవాలన్న పట్టుదల నాకు. ఇచ్చేది పంట పోయినందుకు. ఎండకు వానకు నిలబడినవాడి పంట పోయింది. పాస్‌బుక్ పెట్టెలో ఉన్నవాడి భూమి ఎక్కడికీ పోలేదు.

తర్వాత రెండో జాబితా వచ్చింది, నష్టపోయిన రైతుల జాబితా. అభ్యంతరాలుంటే చెప్పమని నోటీసు కూడా అతికించారు. ఈసారి గడులు నాలుగే: వరస సంఖ్య, పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం. సర్వే నంబరు లేదు. సొంతమో కౌలో లేదు. మా ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతోమంది. తండ్రి పేర్లు కూడా కలుస్తాయి, ఎందుకంటే తాత పేరే మనవలకు పెడతారు. ఆ జాబితాలో ఒక పేరు ఎదుట రెండెకరాలని ఉంటే అది ఏ రెండెకరాలో, దాన్ని ఎవరు చేస్తున్నారో చెప్పడం ఎవరి తరమూ కాదు. అభ్యంతరం రాసే కాగితం తీసుకున్నాను. అందులో మొదటి గడి: ఏ సర్వే నంబరు మీద అభ్యంతరం? జాబితాలో చూపించనిదాన్ని కాగితంలో రాయమంటున్నారు.

నాన్న పేరు ఎదుట అయిదెకరాలూ ఉన్నాయి. మా పక్కన కౌలుకు చేసే అన్నా వదినల పేరు ఎక్కడా లేదు. వాళ్ల పొలం మాకు ఆనుకునే ఉంటుంది. మా చేలో నీళ్లు వాళ్ల చేలోకే పోయాయి. మాకు నష్టం ఉండి వాళ్లకు లేకపోవడం ఎలా సాధ్యం? వదిన అడిగింది: ‘అమ్మాయ్, మా చేను ఎవరి పేరు మీద రాశారో కనుక్కోగలవా?’ ఆ ప్రశ్నకు జవాబు కోసమే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను.

మండల స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము 5 రూపాయలు. గ్రామ స్థాయిలో అయితే ఏమీ లేదు, జిల్లా స్థాయి నుంచి 10 రూపాయలు. ఎవరైనా దరఖాస్తు పెట్టాలనుకుంటే ఒక మాట చెబుతాను. ‘అవకతవకలు జరిగాయి, విచారణ చేయండి’ అని రాయకూడదు. అది ఫిర్యాదు అవుతుంది, సమాచారం అడిగినట్టు కాదు. ఏ రికార్డు కావాలో అదే రాయాలి. నేను రాసింది ఇదీ: ‘మా రెవెన్యూ గ్రామానికి సంబంధించి మిగ్‌జాం తుఫాను పంట నష్టం జాబితా నకలు, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సాగుదారు పేరు, సొంతమా కౌలా, మంజూరైన మొత్తంతో సహా. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు అక్కర్లేదు, ఉంటే కొట్టేసి ఇవ్వండి.’ దాని కింద సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4(1)(బి)లో పన్నెండో అంశాన్ని రాశాను. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారో, ఎంత కేటాయించారో, లబ్ధిదారుల వివరాలేమిటో ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను వెల్లడించాలని అది చెబుతోంది. చట్టం వచ్చినప్పటినుంచి ఉన్న నిబంధనే.

ఈలోగా 2024 మార్చిలో నాన్న ఖాతాలో డబ్బు పడింది. ఆ సాయంత్రం నాన్న, ‘మనది వచ్చింది కదా, ఇంకా ఆ కాగితాలెందుకు తల్లీ’ అన్నాడు. అమ్మే అడ్డుపడింది. ‘పక్కింట్లో పొయ్యి వెలగనప్పుడు మన అన్నం మనకు ఎట్లా దిగుతుంది’ అంది.

ముప్పై రోజుల గడువులోపే జవాబు వచ్చింది. అయితే ఒక్క ముక్కలో: మూడో వ్యక్తుల వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేం. వెంటనే మొదటి అప్పీలు వేశాను. జవాబు అందిన ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి వేసుకోవాలి, రుసుము లేదు. విచారణకు పిలిచారు. వదినను కూడా వెంటబెట్టుకుని వెళ్లాను.

ఆ అధికారి మర్యాదగానే మాట్లాడారు. మొదట అడిగింది మాత్రం, ‘మీ డబ్బు మీకొచ్చింది కదమ్మా, ఊళ్లోవాళ్ల లెక్కలు మీకెందుకు?’ అని. దరఖాస్తుదారు కారణం చెప్పనక్కర్లేదని చట్టం సెక్షన్ 6(2)లో ఉంది. అయినా చెప్పాను. ‘సార్, ఊళ్లో ఏ పొలం ఎవరు చేస్తున్నారన్నది రహస్యం కాదు. మా అసిస్టెంట్ కంటే, వీఆర్వో కంటే మా ఊరి కూలీలకే బాగా తెలుసు. మీ జాబితా నిజమో కాదో ఉచితంగా సరిచూసిపెట్టేది వాళ్లే. వాళ్లకు చూపించకపోతే ఇక ఎవరు సరిచూస్తారు?’ వదిన అయితే ఒక్క మాటే అంది: ‘మా చేను నీళ్లలో ఉన్న ఫొటో మీ ఫోన్లోనే ఉంటుందయ్యా, దాని కింద ఎవరి పేరు రాశారో చెప్పండి చాలు.’

అప్పటికి చట్టంలో నాకు గట్టి ఆధారం ఒకటుండేది. శాసనసభకో పార్లమెంటుకో ఇవ్వడానికి నిరాకరించలేని సమాచారాన్ని మామూలు మనిషికి కూడా నిరాకరించకూడదని అదే సెక్షన్‌లో రాసి ఉండేది. ఎమ్మెల్యే అడిగితే ఈ జాబితా ఇస్తారు కదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఇస్తామన్నారు. రికార్డులో ఇవ్వకూడని భాగం ఉంటే దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతోంది. దాన్ని కూడా చూపించాను. పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టించుకుని, ఖాతా నంబర్లు కొట్టేసి జాబితా ఇమ్మని ఉత్తర్వు రాశారు. సమాచార కమిషన్ దాకా పోవాల్సిన అవసరం రాలేదు. పోవలసివస్తే తొంభై రోజుల గడువుంటుంది, కానీ అక్కడ విచారణకు రావడానికి పట్టే కాలంలో రైతు ఎన్ని పంటలైనా వేసి కోసేస్తాడు. అందుకే మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా నిలబడాలని నా అభిప్రాయం.

జాబితా చేతికొచ్చాక మేం దాన్ని గోడకు అంటించలేదు. చదివి వినిపించాం. ఈ ఆలోచన మా ఊరి పెద్దాయనది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగాయి కదా, అప్పుడు ఊరందరినీ కూర్చోబెట్టి మస్టర్లు, అంటే పని హాజరు జాబితాలు చదివేవాళ్లు. ‘ఫలానా ఆయన ఇన్ని రోజులు పని చేశాడు’ అని చదివితే, ‘నేను ఆ వారం ఊళ్లోనే లేనండీ’ అని ఆయనే లేచి చెప్పేవాడు. పెద్దాయనకు అది బాగా గుర్తు. ‘మాలాంటివాళ్లకు గోడమీది కాగితం ఉన్నా లేకపోయినా ఒకటే అమ్మాయ్, వినపడాలి’ అన్నాడు. నిజంగానే, మా ఊళ్లో కౌలు చేసేవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, గోడమీద సన్నటి అక్షరాలు చదివి తమ సర్వే నంబరు వెతుక్కోగలిగేవాళ్లు కొందరే.

రామాలయం అరుగు మీద కూర్చుని సర్వే నంబరు వరసలో చదివాను. నంబరు చదవగానే ఆ పొలం ఊరివాళ్లు పిలుచుకునే పేరు ఎవరో ఒకరు అందుకునేవారు: చింతచెట్టు మడి, తూము కింద చెక్క, దొరువు పక్కది. వెంటనే ఎవరు చేస్తున్నారో చెప్పేవాళ్లు. ఇక్కడొక విషయం స్పష్టంగా రాయాలి. జాబితాలో ఎక్కువ భాగం సరిగ్గానే ఉంది. మా అసిస్టెంట్ అమ్మాయి పురుడు పోసుకున్న ఏడాదే అంత పొలమూ తిరిగింది, దొంగలెక్క రాయలేదు. తప్పులన్నీ దాదాపు ఒకే రకానివి. కౌలుదారుకు కార్డు లేదు, అందుకని వెబ్‌ల్యాండ్‌లో ఉన్న యజమాని పేరే ఈ-పంటలోకి వచ్చింది, అదే నష్టం జాబితాలోకి వచ్చింది, డబ్బు అక్కడికే పోయింది. వదిన వాళ్ల చేను కూడా అలాగే. వేరే రకం తప్పు ఒకటే దొరికింది, రొయ్యల చెరువుగా మారిన చెక్కకు వరి నష్టం రాశారు. దాని మీద రాతపూర్వకంగా ఇచ్చాం, విచారణకొచ్చి చూసి వెళ్లారు.

నేను ఊహించనిది ఆ మర్నాడు జరిగింది. గుంటూరులో కొడుకు దగ్గరుండే ఒక ముసలాయన, మా ఊళ్లో రెండెకరాలున్నాయి, ఎవరో ఫోన్ చేసి చెబితే బస్సెక్కి వచ్చాడు. ‘ఖాతాలో ఏదో పడిందని మా వాడన్నాడు గానీ ఎందుకు పడిందో తెలియదు. ఇది వాడి కష్టం’ అంటూ తన పొలం చేసే మనిషికి డబ్బు ఇచ్చి వెళ్లాడు. ఆయన అంతవరకూ ఇవ్వకపోవడంలో దురాశ లేదు, తెలియకపోవడమే ఉంది. వదిన వాళ్ల ఆసామి మాత్రం ఇవ్వలేదు. వచ్చే ఏడు కార్డుకు సంతకం పెడతానన్నాడు. పెట్టాడు కూడా. పోయిన డబ్బు పోయింది.

అన్నీ మంచే జరిగాయని రాస్తే అబద్ధమవుతుంది. జాబితా చదివిన వారంలో అప్పులిచ్చేవాళ్లు ఒక ఒంటరి ఆవిడ ఇంటికెళ్లి, ‘నీకు ప్రభుత్వం డబ్బులొచ్చాయట కదా’ అని కూర్చున్నారు. ఆవిడ వచ్చి నన్నే అడిగింది: ‘నా పేరెందుకు చదివావమ్మా?’ చాలా రోజులు ఆలోచించాను. ఆవిడకు ఇబ్బంది తెచ్చింది మొత్తం ఎంతో చదవడం. పొలం, పంట, సాగుదారు పేరు, ఎకరాలు, ఇవి చాలు సరిచూడటానికి. ఎకరాకు ఎంతన్నది ప్రభుత్వ ఉత్తర్వులోనే ఉంటుంది కాబట్టి లెక్క కావలసినవాడు వేసుకుంటాడు, అయినా మనిషి పేరు పక్కన రూపాయలు చదివి వినిపించడం వేరు. ఆ తర్వాత చదివినప్పుడల్లా మొత్తం గడి వదిలేస్తున్నాను, ఎవరైనా ప్రత్యేకంగా అడిగితే తప్ప.

ఈ తగువు మన ఒక్కరిదే కాదని తర్వాత తెలిసింది. యూరప్‌లో రైతులకు సబ్సిడీలు పెద్దయెత్తున ఇస్తారు. ఎవరికెంత ఇచ్చారో పేర్లతో సహా పెట్టాలని అక్కడ నిబంధన తెస్తే, జర్మనీ రైతులు కోర్టుకెళ్లారు. 2010 నవంబరు 9న యూరోపియన్ న్యాయస్థానం, వ్యక్తులైన రైతులందరి వివరాలూ ఏ తేడా లేకుండా పెట్టడం చెల్లదని తీర్పిచ్చింది. పారదర్శకతే తప్పని అనలేదు, ఎంత వెల్లడించాలో తూకం వేయలేదని తప్పుపట్టింది. తర్వాత 2013లో కొత్త నిబంధన తెచ్చి, చిన్న మొత్తాలు అందుకునేవాళ్ల పేర్లు మినహాయించి, మిగిలినవాళ్లవి మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఒంటరి ఆవిడ లాంటివాళ్లకు కాస్త అండ, పెద్ద మొత్తాల మీద ఊరందరి కన్ను. కాకపోతే మన దగ్గర అందరివీ చిన్న మొత్తాలే. పేర్లు మినహాయిస్తే జాబితాలో మిగిలేదేమీ ఉండదు. మనకు తేడా గీయాల్సింది మొత్తం దగ్గర కాదు, గడుల దగ్గర.

మన దగ్గరే పీఎం కిసాన్ జాబితా చూడండి. ఏ ఊరివైనా లబ్ధిదారుల పేర్లు వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఇస్తారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, పదివేలు, ఆపైన పింఛను తీసుకునేవాళ్లు అనర్హులు. కౌలు రైతుకైతే అసలు చోటే లేదు, భూమి పేరు మీదుండాలి. ఆ పథకంలో 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయని 2021 జనవరిలో బయటికొచ్చింది, కామన్‌వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్‌కు చెందిన వెంకటేశ్ నాయక్ సమాచార హక్కు కింద అడిగితే వ్యవసాయ శాఖ ఇచ్చిన లెక్క అది. అందులో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లే. పేర్లు అందరికీ కనపడుతున్నా అంతమంది ఎలా దూరారని నన్ను ఒకరు అడిగారు. పేరు ఒక్కటీ చూసి ఆ మనిషి అర్హుడో కాదో ఊరివాళ్లు చెప్పలేరు. పన్ను కట్టే సంగతి గట్టు మీద నిలబడితే కనపడదు. పంట ఎవరు చేస్తున్నారన్నది కనపడుతుంది. ఊరి కన్ను పనిచేసే చోట దానికి కావలసిన గడి ఇవ్వాలి, అంతే.

ఇప్పుడు దారి ఇంకా ఇరుకైంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ద్వారా సమాచార హక్కు చట్టంలో చేసిన సవరణ 2025 నవంబరు 14 నుంచి అమల్లోకొచ్చింది. నేను అప్పీలులో పట్టుకున్న ఆ శాసనసభ మాట సెక్షన్‌లో ఇక లేదు. ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉందా లేదా అన్న పరీక్ష కూడా పోయింది. వ్యక్తిగత సమాచారమైతే ఇవ్వనక్కర్లేదన్న ఒక్క ముక్కే మిగిలింది. రైతు పేరు వ్యక్తిగతమే కదా అని ఏ కార్యాలయమైనా అనగలదు. నాకు ఇది బాధగా ఉంది, భయంగానూ ఉంది. ఎందుకంటే పేరు దాచినందువల్ల ఎవరికి మేలు? కౌలుదారుకు కాదు. తన పేరు జాబితాలో ఉండాలనే ఆయన ఏళ్ల తరబడి అడుగుతున్నాడు.

అయినా రెండు దారులు మిగిలే ఉన్నాయి. సెక్షన్ 8(2) ఉంది: వెల్లడించడంలో ప్రజాహితం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వొచ్చు. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు తమంతట తామే పెట్టాలన్న సెక్షన్ 4 నిబంధన కూడా అలాగే ఉంది. ఇకముందు దరఖాస్తుల్లో ఈ రెంటినీ కలిపి రాయాలి. ఆధార్, ఖాతా నంబర్లు వద్దని ముందే రాయాలి. ఆధార్ నంబరును బహిరంగంగా పెట్టడం ఆధార్ చట్టమే ఒప్పుకోదు, దాన్ని అడిగితే మొత్తం దరఖాస్తు తిప్పికొట్టడానికి సాకు దొరుకుతుంది.

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చింది. మళ్లీ పొట్ట మీదున్న వరి పడిపోయింది, మళ్లీ బృందాలొచ్చాయి. రైతు భరోసా కేంద్రం ఇప్పుడు రైతు సేవా కేంద్రమైంది. జాబితాలో గడులు మారలేదు. పరిహారం మాత్రం ముందుకంటే ఎక్కువైంది, 2024 సెప్టెంబరు వరదలప్పుడే వరికి హెక్టారుకు 25,000 రూపాయలని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మొత్తం పెరిగేకొద్దీ ఆసామి ఖాతాలో పడ్డది కౌలుదారుకు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుందని నా అనుభవం.

ఈసారి నేను ఒక్కదాన్నే దరఖాస్తు పెట్టలేదు. కౌలు చేసేవాళ్లం కలిసి గ్రామసభలో తీర్మానం పెట్టించాం. పంట నష్టం ముసాయిదా జాబితాలో సర్వే నంబరు, సాగుదారు పేరు, సొంతమా కౌలా అన్న గడులు ఉండాలని, అభ్యంతరాల గడువు ముగియకముందే దాన్ని గ్రామసభలో చదివి వినిపించాలని, రూపాయల గడి చదవనక్కర్లేదని అందులో రాశాం. సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. మొదటి సంతకం వదినది. నకలు మండల వ్యవసాయాధికారికి ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాం. దానికి జవాబు రాకపోతే సెక్షన్ 4 కింద అదే జాబితా అడుగుతూ దరఖాస్తు సిద్ధంగా ఉంది, 5 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు కూడా అంటించి పెట్టాను.